తుంటి మార్పిడి నేర్చుకోవడానికి సిమ్యులేటర్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా యూనిట్‌కు ఎముకలు విరిగిన కేసులకు కొదవ లేదు. తుంటి విరిగిన వృద్ధులకు బైపోలార్ ఆపరేషన్లు (తొడ ఎముక తలను మాత్రమే మార్చేవి) తరచుగా జరుగుతాయి, వాటిలో నాకూ చేయి దొరుకుతోంది. తలతో పాటు గిన్నెనూ మార్చే పూర్తి తుంటి మార్పిడి మాత్రం అరుదు. అది చీఫ్‌గారే చేస్తారు, నేను రిట్రాక్టర్ (కండరాలను పక్కకు లాగి ఉంచే పనిముట్టు) పట్టుకుంటాను. ఈ మధ్య ఒక సంస్థ తుంటి మార్పిడి మీద రెండు రోజుల వర్చువల్ రియాలిటీ కోర్సు ప్రకటించింది. ఫీజు నా స్టైపెండుకు భారమే. 'వీడియో గేములు ఆడితే ఆపరేషన్ రాదు' అని సీనియర్లు నవ్వుతున్నారు. చేరమంటారా? అది లేకుండా నేర్చుకునే దారి ఉందా? రోగి మీదనే మొదటిసారి చేయి తిప్పుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. రోబోలు వచ్చేశాక ఈ తంటా అంతా అవసరమా అన్న సందేహం కూడా ఉంది.
– ఒక పీజీ డాక్టర్, ఉత్తరాంధ్ర

సమాధానం:

డాక్టరుగారూ, ఆ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. అలాగని మీ సీనియర్ల మాటను కూడా నమ్మవద్దు. సిమ్యులేటర్ మీద నేర్చుకున్నది ఆపరేషన్ బల్ల దగ్గరికి వస్తుందని చెప్పడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అయితే అది ఏ పద్ధతిలో నేర్చుకుంటే వస్తుందో కూడా ఆ ఆధారాలే చెబుతున్నాయి, రెండు రోజుల కోర్సు ఆ పద్ధతికి సరిపోవడం లేదు.

మీ ప్రశ్నకు అతి దగ్గరి ప్రయోగం లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం చేసి 2019లో ప్రచురించింది. ముందువైపు నుంచి చేసే తుంటి మార్పిడిలో అనుభవం లేని 24 మంది శిక్షణార్థులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆరు వారాల పాటు వర్చువల్ రియాలిటీలో శిక్షణ ఇచ్చారు, రెండో జట్టుకు మామూలుగా ఇచ్చే పాఠ్యసామగ్రి మాత్రమే ఇచ్చారు. తర్వాత అందరిచేతా మృతదేహాల మీద ఆపరేషన్ చేయించి, ఎవరు ఏ జట్టువారో తెలియని పరీక్షకులతో మార్కులు వేయించారు. సిమ్యులేటర్ జట్టు కీలకమైన అంచెలను ఎక్కువగా పూర్తిచేసింది, త్వరగా ముగించింది. నన్ను ఆకట్టుకున్న అంకె మాత్రం వేరు. కప్పు (తుంటి గిన్నెలో బిగించే కృత్రిమ భాగం) అమరికలో ఆ జట్టు సగటు తప్పు 4 డిగ్రీలు, రెండో జట్టుది 16 డిగ్రీలు. తుంటి కప్పు విషయంలో 12 డిగ్రీల తేడా అంటే, కీలు నిలబడటానికీ జారిపోవడానికీ మధ్య ఉన్న తేడా కావచ్చు. ఇది మృతదేహాల మీద చేసిన పరీక్షేనని, రోగుల్లో ఎముక ఎన్నిసార్లు జారింది, ఎందరికి మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది అన్న ప్రశ్నలకు ఇది జవాబివ్వదని కూడా గుర్తుంచుకోవాలి.

దీనికి చాలా ముందే, 2002లో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పిత్తాశయం తీసే లాపరోస్కోపీ ఆపరేషన్ మీద ఇలాంటి ప్రయోగం జరిగింది. సిమ్యులేటర్ మీద శిక్షణ పొందిన రెసిడెంట్లు ఆ పని 29 శాతం వేగంగా చేశారు. శిక్షణ లేనివారు పిత్తాశయాన్ని గాయపరచడమో, తాకకూడని కణజాలాన్ని కాల్చడమో వారికంటే ఐదు రెట్లు ఎక్కువగా చేశారు. అక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ రెసిడెంట్లకు 'ఇన్ని గంటలు' అన్న లెక్క పెట్టలేదు. అనుభవజ్ఞులు అదే యంత్రం మీద చూపిన స్థాయిని గీతగా గీసి, అది అందేదాకా సాధన చేయించారు. 2006లో టొరంటోలో వచ్చిన మరో అధ్యయనంలో సన్నని రక్తనాళాలను కుట్టే శిక్షణను ఒక జట్టుకు ఒకే రోజులో నాలుగు తరగతులుగా, ఇంకో జట్టుకు వారానికొకటి చొప్పున నాలుగు వారాల పాటు ఇచ్చారు. నెల తర్వాత పరీక్షిస్తే వారానికొకసారి నేర్చుకున్నవారే మెరుగ్గా చేశారు. నేర్పిన పాఠం ఒకటే, గంటలూ ఒకటే, మధ్యలో దొరికిన విరామం మాత్రమే తేడా. రెండు రోజుల కోర్సులో ఈ విరామమూ ఉండదు, గీత అందేదాకా చేయించే ఓపిక నిర్వాహకులకూ ఉండదు. హెడ్‌సెట్ పెట్టుకుని తిప్పి చూసిన సరదా, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ మిగులుతాయి.

ఇక మీ చేతిలో ఇప్పటికే ఉన్న దాన్ని లెక్క వేద్దాం, ఎందుకంటే మీరు అనుకుంటున్నంత పేదవారు కారు. బైపోలార్ కేసులను మీరు చిన్నచూపు చూస్తున్నారని మీ ఉత్తరం ధోరణినిబట్టి అనిపించింది. వెనకవైపు నుంచి చేసే బైపోలార్‌లో రోగిని పక్కకు పడుకోబెట్టి కటి ఎముకను నిటారుగా బిగించడం, గ్లూటియస్ మాగ్జిమస్‌ను పీచుల వెంట విడదీయడం, పిరిఫార్మిస్‌నూ మిగతా పొట్టి కండరాలనూ కోసే ముందు దారం వేసి పట్టుకోవడం, సయాటిక్ నాడి ఎక్కడుందో ఎరుకలో ఉంచుకోవడం, తొడ ఎముక మెడను సరైన ఎత్తులో కోయడం, తొడ ఎముక లోపలి గొట్టాన్ని బ్రోచ్‌లతో (గరుకు పళ్ళ పనిముట్లతో) సిద్ధం చేయడం, స్టెమ్‌ను (తొడ ఎముకలో దిగే కృత్రిమ కాడను) సరైన తిరుగుడులో దించడం, కాలి పొడవు సరిచూడడం, చివర కీలు చుట్టూ ఉండే క్యాప్సూల్‌నూ కండరాలనూ తిరిగి కుట్టడం అన్నీ ఉన్నాయి. ఇవన్నీ పూర్తి తుంటి మార్పిడిలోనివే. అంటే ఆ ఆపరేషన్‌లో సగానికి పైగా మీరు ప్రతివారం నేర్చుకోగలుగుతున్నారు. మీకు దొరకనిది ఒక్కటే, ఎసిటాబులం, అంటే తుంటి గిన్నె. ఆ గిన్నెను తెరిచి చూడడం, రీమర్‌తో తొలవడం, కప్పును కోణం తప్పకుండా దించడం బైపోలార్‌లో ఉండవు. కాబట్టి మీ సిమ్యులేషన్ సమయమంతా ఈ ఒక్క దాని మీదే ఖర్చు పెట్టండి. ఆపరేషన్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూపించే కోర్సు మీకు తెలిసినదాన్నే ఎక్కువగా మళ్ళీ నేర్పుతుంది.

దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వర్క్‌షాపుల్లో వాడే ప్లాస్టిక్ కటి ఎముక ఒకటి మీ డిపార్ట్‌మెంట్ అలమరలో ఎక్కడో పడి ఉండే అవకాశం ఉంది. లేకపోతే ఇంప్లాంట్ కంపెనీ ప్రతినిధిని అడగండి, వారి దగ్గర తరచుగా ఉంటుంది. దాన్ని రోగి పక్కకు పడుకున్న తీరులో బల్లకు బిగించి, పైన మందమైన స్పాంజి కప్పి, పది పన్నెండు సెంటీమీటర్ల కోత మాత్రం వదిలి, ఆ పైన డ్రేప్ (ఆపరేషన్ గుడ్డ) వేయండి. గిన్నె అడుగు అంచున ఉండే గాడికి అడ్డంగా ఒక ప్లాస్టరు పట్టీ అంటించండి, అది ట్రాన్స్‌వర్స్ ఎసిటాబులర్ లిగమెంట్‌కు బదులు. అసలు రోగిలో కప్పు ఎటు తిరిగి ఉండాలో నమ్మకంగా చెప్పే గుర్తుల్లో ఆ లిగమెంట్ ఒకటి. ఇన్‌సర్టర్ (కప్పును దించే పనిముట్టు) పిడికి బిగించిన పాత ట్రయల్ కప్పు (సైజు చూసుకునే నమూనా) ఒకటి సంపాదిస్తే పని మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు మీ తోటి పీజీని పిలవండి. మీరు పక్కకు తిరిగి నిలబడితే, ఆయన డ్రేప్ కింద కటి ఎముకను కొంచెం ముందుకో వెనక్కో ఒరిగించాలి, ఎంత ఒరిగించారో చెప్పకూడదు. మీరు కోతలోంచి చూస్తూ, వేలితో తడుముతూ, కప్పును 40 డిగ్రీల వాలు, 15 డిగ్రీల యాంటివర్షన్ (కప్పు ముందుకు తిరిగి ఉండడం) వచ్చేలా పెట్టి పట్టుకోండి. తర్వాత డ్రేప్ తీసి, ఫోన్‌లోని లెవెల్ యాప్‌తోనూ కోణమానినితోనూ కటి ఎముకను ఆధారంగా తీసుకుని కొలవండి. మొదట్లో వచ్చే అంకెలు చూసి కంగారు పడకండి. చాలామంది ఇన్‌సర్టర్ పిడిని గదికీ బల్లకూ సరిచూసి పెడతారు. పక్కకు పడుకున్న రోగి కటి 15 డిగ్రీలు ముందుకు ఒరిగి ఉంటే, బల్లను నమ్ముకున్నవారి కప్పులో యాంటివర్షన్ సుమారు 10 డిగ్రీలు హరించుకుపోతుంది. అసలు ఆపరేషన్‌లో రిట్రాక్టర్ లాగే అసిస్టెంటు బలానికి కటి ఇలాగే ఒరుగుతుంది, డ్రేపుల కింద అది ఎవరికీ కనిపించదు. ఈ పొరపాటు ఎలా పుడుతుందో పుస్తకంలో చదివితే వంటబట్టదు. మీ చేతితో పెట్టిన కప్పు మీ కళ్ళముందే తప్పు అంకె చూపినప్పుడు, ఆ తర్వాత మీ వేలు దానంతట అదే ఆ లిగమెంట్ కోసం వెతుకుతుంది.

వారానికి రెండు పూటలు, ఒక్కో పూట అరగంట చాలు. ప్రతిసారీ రెండు కోణాలూ ఒక నోటుబుక్కులో రాయండి. ముందుగానే గీత గీసుకోండి: ఉదాహరణకు, వరుసగా పదిసార్లు రెండు కోణాలూ ఐదు డిగ్రీల లోపు తప్పుతో రావాలి. అది వచ్చేదాకా వదలకండి, వచ్చాక నెలకొకసారి తిరిగి చూసుకోండి. అదే ప్లాస్టిక్ ఎముక మీద పెన్నుతో ఇంకో పని కూడా చేయవచ్చు. కటి ముందు పైమొన నుంచి గిన్నె నడిమధ్యగా ఒక గీత, దానికి లంబంగా ఇంకో గీత గీసి, గిన్నెను నాలుగు భాగాలు చేయండి. కప్పు స్క్రూలకు వెనక పైభాగం క్షేమకరం, ముందు పైభాగంలో డ్రిల్ దాటితే ఎదురయ్యేది బాహ్య ఇలియాక్ రక్తనాళాలు. ఈ బొమ్మ కళ్ళు మూసుకున్నా కనిపించాలి.

కంప్యూటరూ బొమ్మ ఎముకా అవసరం లేని సిమ్యులేషన్ ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే మీద టెంప్లేట్ వేయడాన్ని, అంటే ఇంప్లాంటు సైజులను ముందే కొలిచి చూసుకోవడాన్ని, పీజీలు చీఫ్‌గారి పనిగా వదిలేస్తుంటారు. మీరు మీ యూనిట్‌లో జరిగే ప్రతి తుంటి మార్పిడికీ, బైపోలార్‌కీ ముందురోజు రాత్రే ఇది చేయండి. ఎక్స్‌రే తీసేటప్పుడు తొడ ఎముక పైగుబ్బ ఎత్తులో, కాలి పక్కన పదిరూపాయల నాణెం పెట్టించండి. దాని అసలు వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫిల్ము మీద అది 32 దాటి కనిపిస్తే మీ బొమ్మ దాదాపు 20 శాతం పెద్దదిగా వచ్చిందని అర్థం. ఆ లెక్కతో కప్పు సైజు, స్టెమ్ సైజు, చిన్న గుబ్బకు ఎన్ని మిల్లీమీటర్ల పైన మెడ కోయాలో, కాలు ఎంత పొడవు చేయాలో రాసి, తేదీ వేసి, మడిచి జేబులో పెట్టుకోండి. మర్నాడు ఓటీలో నర్సు తెరిచిన సైజులు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే చూసి మీ కాగితంతో పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో చీఫ్‌గారిని అడగండి. కుతూహలంతో తయారై వచ్చిన పీజీ ప్రశ్న ఏ చీఫ్‌కూ విసుగు తెప్పించదు, నా అనుభవంలో అలాంటి పీజీకే ముందుగా కత్తి దొరుకుతుంది.

సిమ్యులేటర్ ఇవ్వలేనివి కూడా తెలుసుకోవాలి. స్టెమ్ దించేటప్పుడు సుత్తి దెబ్బ శబ్దం మారడం, బ్రోచ్ ఇక ముందుకు పోనని మొండికేయడం, ఆ తర్వాత ఒక్క దెబ్బ ఎక్కువైతే ఎముక చిట్లడం వంటివాటిని హెడ్‌సెట్‌లోని చేతిపిడులు సరిగా అనుకరించలేవు. రీమర్ గట్టి ఎముకలోంచి రక్తం చిమ్మే మెత్తని ఎముకలోకి దిగిన క్షణాన్ని ప్లాస్టిక్ చూపించలేదు. పైగా సిమ్యులేటర్లలో ఉండే తుంటి సాధారణంగా అరిగిపోయిన, ఆకారం పెద్దగా చెడని తుంటి. మన దగ్గర పూర్తి తుంటి మార్పిడికి వచ్చేవారిలో, తొడ ఎముక తలకు రక్తప్రసారం ఆగిపోయిన ముప్పై నలభై ఏళ్ళ యువకులు చాలామంది ఉంటారు. స్టెరాయిడ్లు, మద్యం, సికిల్ సెల్ జబ్బు ఇందుకు దారితీసే కారణాల్లో కొన్ని, మీ ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చేవారిలో ఆ చివరిదాన్ని మరిచిపోవద్దు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో నడుమూ తుంటీ రెండూ బిగుసుకున్నవారూ వస్తారు.

ఈ చివరివారి విషయంలో, మీరు కష్టపడి నేర్చుకున్న 40, 15 అంకెలే మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. ఆ అంకెలకు ఆధారమైన 'సురక్షిత పరిధి'ని 1978లో లూయినెక్, ఆయన సహచరులు ప్రతిపాదించారు: వాలు 30 నుంచి 50, యాంటివర్షన్ 5 నుంచి 25 డిగ్రీలు. కీలు జారినవారిలో సగానికి పైగా కప్పు ఆ పరిధిలోనే ఉన్నట్టు తర్వాతి అధ్యయనంలో తేలింది. మామూలు మనిషి కూర్చున్నప్పుడు కటి వెనక్కి వాలి గిన్నె ముందుకు తెరుచుకుంటుంది, తొడకు చోటు దొరుకుతుంది. వెన్ను బిగుసుకున్నవారిలో కటి వాలదు. అలాంటివారు తక్కువ ఎత్తు పీట మీదో నేల మీదో కూర్చుని ముందుకు వంగితే తొడ ఎముక మెడ కప్పు ముందు అంచుకు తగిలి, తల వెనక్కి ఎగదన్నుతుంది. మన ఇళ్ళలో నేల మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. కాబట్టి సిమ్యులేటర్ మీద కోణం పెట్టడం నేర్చుకోండి. ఏ రోగికి ఏ కోణం అన్నది మాత్రం ఓపీలో నిలబెట్టి, కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేల దగ్గర నేర్చుకోవాలి.

సిమెంటు వాడే కేసుల కోసం మీ యూనిట్ మొత్తంతో చేయదగ్గ అభ్యాసం ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. సిమెంటు నింపేటప్పుడు ఒక్కోసారి ఆక్సిజన్, రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతాయి, తుంటి విరిగిన వృద్ధుల్లో ఇది ప్రాణాంతకం కావచ్చు. ఖాళీ ఓటీలో మత్తు డాక్టరునూ నర్సునూ నిలబెట్టి, సర్జన్ 'సిమెంటు వేస్తున్నాను' అని గట్టిగా చెప్పడం, మత్తు డాక్టరు విన్నానని బదులివ్వడం, బీపీ పడిపోయిందన్నప్పుడు ఎవరు ఏం చేస్తారో నటించి చూడడం మొదట కొంత నవ్వులాటగా అనిపించినా మానవద్దు. గడువు తీరిన సిమెంటు ప్యాకెట్ దొరికితే గాలి బాగా ఆడేచోట కలిపి, అది జిగురు నుంచి ముద్దగా, ముద్ద నుంచి రాయిగా మారేదాకా గడియారం పట్టుకుని చూడండి. ఏసీ సరిగా పనిచేయని ఓటీలో అది ఎంత తొందరపడుతుందో అప్పుడు తెలుస్తుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే మూడో సంవత్సరంలో మృతదేహాల మీద చేయించే వర్క్‌షాపుకు పెట్టండి. బెంగళూరు రామయ్య సంస్థలో ఉన్నలాంటి కేంద్రాలు మన దక్షిణాదిలోనే ఉన్నాయి. కట్టే ముందు మూడు సంగతులు అడగండి. ఒక్కో బల్ల దగ్గర ఎందరు, అందులో మీ వంతు గిన్నె పని మీకు పూర్తిగా దక్కుతుందా అన్నది మొదటిది. ఫార్మలిన్‌లో బిగుసుకున్న దేహమా, మెత్తగా ఉండేలా భద్రపరచినదా అన్నది రెండోది, ఎందుకంటే ఫార్మలిన్ దేహంలో తుంటి వంగదు, కండరాలు పక్కకు జరగవు. మీరు పెట్టిన కప్పు కోణాన్ని కొలిచి చెబుతారా అన్నది మూడోది. వర్చువల్ కోర్సువారినీ ఈ మూడో ప్రశ్న అడగండి. వారి సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ ఇంప్లాంటుకు తయారైందో కూడా కనుక్కోండి, ఒక కంపెనీ పనిముట్ల వరుసను కంఠస్థం చేయించడమే దాని అసలు ఉద్దేశం కావచ్చు. అదే సాఫ్ట్‌వేర్ మీ కళాశాల నైపుణ్య ప్రయోగశాలలోకి వచ్చి, ఆరు వారాలు మీకు అందుబాటులో ఉండే ఏర్పాటు జరిగితే నా సలహా మారుతుంది. అమెరికాలో ఆర్థోపెడిక్స్ మొదటి ఏడాది రెసిడెంట్లకు 2013 నుంచి ప్రయోగశాల నైపుణ్య శిక్షణ తప్పనిసరి. అలాంటి ఏర్పాటు మనకూ ఉండాలని మీ పీజీల సంఘం కళాశాలను అడగడంలో తప్పేమీ లేదు.

రోగి మీద నేర్చుకోవడానికి మనసొప్పడం లేదన్నారు. ఆ సంకోచం మంచిదే, కాని సిమ్యులేటర్ దాన్ని పూర్తిగా తీర్చదు. మొదటి రోగి ఎప్పటికైనా మొదటి రోగే. మీరు చేయగలిగింది, ఆ రోజు ఆయన ముందు కొత్తగా నేర్చుకోవలసినవి తగ్గించుకోవడం. చీఫ్‌గారి దగ్గరికి వెళ్ళి 'తుంటి మార్పిడి నాకు ఇవ్వండి' అనకండి. నోటుబుక్కు చూపించి, 'వచ్చే కేసులో ట్రయల్ కప్పు నన్ను పెట్టనివ్వండి, మీరు సరిచూసి దించండి' అనండి. అలా అంచె అంచెగా అడిగితే ఇవ్వడం ఆయనకూ సులువు, రోగికీ క్షేమం. సమ్మతి పత్రం తీసుకునేటప్పుడు, శిక్షణలో ఉన్న డాక్టర్లు కూడా పెద్ద డాక్టరు పర్యవేక్షణలో పాల్గొంటారని రోగికీ ఇంటివాళ్ళకూ వారి భాషలో, దాచకుండా చెప్పండి.

రోబో సంగతి కొద్దిగా. హైదరాబాదు, విశాఖ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కనిపించే రోబో చేతులు గిన్నెను తొలిచేటప్పుడూ కప్పు దించేటప్పుడూ కోణం తప్పనివ్వవు, అది నిజంగా మేలే. కాని ఏ కోణం కావాలో దానికి చెప్పవలసింది మీరే. గిన్నె కనిపించేలా తెరవడం, నాడిని కాపాడడం, తొడ ఎముక చిట్లకుండా చూడడం, చివర కండరాలు కుట్టడం మీ చేతి పనే. రోబోలో ఎముక గుర్తుల నమోదు కుదరక మధ్యలో యంత్రాన్ని పక్కకు నెట్టవలసి వచ్చిన కేసులో, ప్లాస్టరు పట్టీని తడిమి నేర్చుకున్న వేలే అక్కరకొస్తుంది. ఇంతకీ మీ కళాశాలలో రోబో లేదు కాబట్టి, వచ్చే వారం ప్లాస్టిక్ కటి ఎముక ఎక్కడుందో స్టోర్ ఇన్‌ఛార్జిని అడగడంతో మొదలుపెట్టండి.